స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ ఇంజన్లు: పేరులోని పరిమాణం దేనికి కొలత?

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న బిలాస్‌పూర్‌లో ‘ఇంజన్’ అనే మాటకు రెండర్థాలు ఉన్నాయి. ప్లాట్‌ఫాం మీద నిలబడిన ప్రయాణికునికి ఇంజన్ అంటే రైలు పెట్టెలను లాగుకొనిపోయే బండి మొత్తం. డీజిల్ షెడ్డులో పనిచేసిన మెకానిక్‌కు ఇంజన్ అంటే ఆ బండి లోపల ఇంధనాన్ని మండించి శక్తిని పుట్టించే యంత్రం మాత్రమే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వాడుకలోనూ ఈ రెండర్థాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. సందర్భాన్ని బట్టి అర్థం తెలుస్తుంది గనుక చిక్కు రాదు.

మోటారు వాహనాల పరిభాషలో తరచుగా వినిపించే ‘స్మాల్ బ్లాక్’, ‘బిగ్ బ్లాక్’ అనే పేర్ల విషయంలో మాత్రం చిక్కు ఉంది. మొదటిది చిన్న ఇంజన్, రెండవది పెద్ద ఇంజన్ అని చాలామంది భావిస్తారు. చిన్నదంటే తక్కువ సీసీ, పెద్దదంటే ఎక్కువ సీసీ అని సరిపెట్టుకుంటారు. వాస్తవానికి ఈ పేర్లు సీసీని గాని, శక్తిని గాని చెప్పవు. అవి చెప్పేది ఇంజన్ దిమ్మ బాహ్య పరిమాణాన్ని మాత్రమే. ఈ భేదం తెలిస్తే రైలును లాగే ఇంజన్ నుంచి ఇంటి ముందు నిలిపిన కారు దాకా ఏ ఇంజన్ గురించి చెప్పే అంకెనైనా సరిగా చదవవచ్చు.

బ్లాక్ అంటే ఏమిటి?

ఇంజన్‌లో ప్రధాన భాగం సిలిండర్ బ్లాక్. కార్లలో ఇది పోత ఇనుముతో గాని, అల్యూమినియం మిశ్రమంతో గాని తయారయ్యే ఒకే దిమ్మ. పిస్టన్లు పైకీ కిందికీ కదిలే గొట్టాల వంటి సిలిండర్లు ఇందులోనే ఉంటాయి. కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది. సిలిండర్ల చుట్టూ ఇంజన్‌ను చల్లబరిచే నీటి దారులు, నూనె దారులు ఉంటాయి.

సిలిండర్ లోపలి వ్యాసాన్ని బోర్ అంటారు. పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలే దూరం స్ట్రోక్. ఈ రెండు కొలతల నుంచి ఒక సిలిండర్ ఘనపరిమాణం వస్తుంది. దానిని సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే ఇంజన్ సామర్థ్యం. మన దేశంలో దానిని సీసీలలో, అంటే ఘన సెంటీమీటర్లలో చెబుతారు. అమెరికాలో చాలాకాలం ఘనపు అంగుళాలలో చెప్పారు.

వీటికి తోడు సామాన్య పాఠకునికి అంతగా పరిచయం లేని మూడవ కొలత ఒకటి ఉంది. అది పక్కపక్కనున్న రెండు సిలిండర్ల కేంద్రాల మధ్య దూరం. దీనిని బోర్ స్పేసింగ్ అంటారు. బోర్‌ను కొంత పెంచవచ్చు, స్ట్రోక్‌ను కొంత మార్చవచ్చు. బోర్ స్పేసింగ్‌ను మార్చాలంటే మాత్రం అచ్చులను, యంత్రపరికరాలను కొత్తగా సిద్ధం చేసుకోవాలి. అందుచేత ఒక ఇంజన్ ఏ కుటుంబానికి చెందినదో తేల్చే గుర్తులలో ఇది ముఖ్యమైనది.

అమెరికాలో పుట్టిన విభజన

జనరల్ మోటార్స్‌కు చెందిన షెవ్రొలే సంస్థ 1955 మోడల్ కార్ల కోసం 265 ఘనపు అంగుళాల, అంటే సుమారు 4.3 లీటర్ల, వి-8 ఇంజన్‌ను ప్రవేశపెట్టింది. అది తేలికగా, పొందికగా ఉండేది. దాని బోర్ స్పేసింగ్ 4.4 అంగుళాలు. అప్పట్లో దానిని ఎవరూ స్మాల్ బ్లాక్ అనలేదు. పోల్చడానికి పెద్దది వచ్చిన తరువాతనే మొదటిదానికి చిన్నదనే పేరు స్థిరపడింది. సెల్‌ఫోన్ వచ్చాక పాత టెలిఫోన్‌కు ల్యాండ్‌లైన్ అనే పేరు అవసరమైనట్టే ఇదీ జరిగింది.

బరువైన కార్లకు, లారీలకు మరింత బలమైన ఇంజన్ కావలసి రావడంతో షెవ్రొలే 1958లో 348 ఘనపు అంగుళాల ఇంజన్‌ను, 1965లో 396 ఘనపు అంగుళాల మరో కొత్త ఇంజన్‌ను తెచ్చింది. ఈ రెండవదాని బోర్ స్పేసింగ్ 4.84 అంగుళాలు. దిమ్మ ఎత్తు, వెడల్పు, బరువు అన్నీ ఎక్కువే. బిగ్ బ్లాక్ అంటే వాహన ప్రియులు ముందుగా తలచుకునేది ఈ కుటుంబాన్నే. ఫోర్డ్, క్రిస్లర్ సంస్థలూ ఇదే కాలంలో చిన్న, పెద్ద దిమ్మల కుటుంబాలను వేర్వేరుగా నడిపాయి. పాంటియాక్ సంస్థ మాత్రం 326 నుంచి 455 ఘనపు అంగుళాల దాకా ఇంజన్లను దాదాపు ఒకే బాహ్య పరిమాణం గల దిమ్మతో తయారుచేసింది. కాబట్టి పాంటియాక్ వి-8 ఇంజన్లకు చిన్న, పెద్ద అనే విభజన సరిగా వర్తించదు.

సీసీ వేరు, దిమ్మ వేరు అని చెప్పడానికి షెవ్రొలే ఇంజన్లలోనే తిరుగులేని ఉదాహరణ ఉంది. 1970లో వచ్చిన స్మాల్ బ్లాక్ ఇంజన్ సామర్థ్యం 400 ఘనపు అంగుళాలు. 1965 నాటి బిగ్ బ్లాక్ సామర్థ్యం 396. అంటే చిన్న దిమ్మలోని ఇంజన్ సామర్థ్యమే పెద్ద దిమ్మలోని ఇంజన్ కంటే ఎక్కువ.

అయితే చిన్న దిమ్మను అంతవరకు సాగదీయడానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 400 ఇంజన్ బోర్ 4.125 అంగుళాలు. కేంద్రాల మధ్య దూరం 4.4 అంగుళాలే గనుక రెండు సిలిండర్ల మధ్య మిగిలింది సుమారు 7 మిల్లీమీటర్లు. అందులో నీటి దారికి చోటు లేక సిలిండర్ల గోడలను కలిపి పోత పోశారు. అదే 454 ఘనపు అంగుళాల బిగ్ బ్లాక్‌లో బోర్ 4.25 అంగుళాలు అయినా మధ్యలో సుమారు 15 మిల్లీమీటర్లు మిగిలాయి. పెద్ద దిమ్మ ఇచ్చే అసలు సౌలభ్యం ఇదే. పెద్ద బోర్‌కు, పెద్ద కవాటాలకు, చల్లబరిచే నీటికి అందులో చోటు ఉంటుంది. ఆ చోటుకు ప్రతిఫలంగా వాహనం అదనపు బరువును మోయాలి.

1973 నాటి చమురు సంక్షోభం, కాలుష్య నియమాలు, ఇంధన పొదుపు చట్టాలు పెద్ద దిమ్మలకు ఎదురుదెబ్బ అయ్యాయి. కార్లలో వాటి వాడకం తగ్గిపోగా, బరువులు లాగే లారీల్లో మరికొంతకాలం కొనసాగింది. తేలికైన చిన్న దిమ్మ మాత్రం తరాలు మారుతూ నిలిచింది. తమ స్మాల్ బ్లాక్ ఇంజన్ల మొత్తం ఉత్పత్తి పది కోట్లకు చేరినట్టు జనరల్ మోటార్స్ 2011లో ప్రకటించింది.

భారతీయ రైళ్లలో రెండు కుటుంబాలు

మన దేశపు కార్లలో వి-8 ఇంజన్లు అరుదు. అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు నడిపినది 1489 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్. 1983లో వచ్చిన మారుతి 800లో ఉన్నది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. ‘వి’ ఆకారపు భారీ ఇంజన్లను, వాటిలో రెండు కుటుంబాల మధ్య భేదాన్ని దగ్గరగా చూసినవారు డీజిల్ షెడ్డుల కార్మికులు. ఆగ్నేయ మధ్య రైల్వేలో రాయ్‌పూర్ షెడ్డు, తెలుగు ప్రాంతాల్లో విశాఖపట్నం, కాజీపేట, గుంతకల్లు, గుత్తి షెడ్డులు ఇందుకు పేరుపొందాయి.

మొదటి కుటుంబం ఆల్కో. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ రూపొందించిన 251 శ్రేణి ఇంజన్‌తో డబ్ల్యూడీఎం-2 రకం బండ్లు 1962లో భారత్‌కు వచ్చాయి. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి తొలి బండి 1964 జనవరిలో వెలువడింది. ఆల్కో సంస్థ 1969లోనే లోకోమోటివ్‌ల తయారీని ఆపివేసినా, ఆ ఇంజన్ మాత్రం వారణాసిలో దశాబ్దాల పాటు తయారవుతూనే వచ్చింది.

రెండవ కుటుంబం ఈఎండీ. ఇది అప్పట్లో జనరల్ మోటార్స్‌కు చెందిన ఎలక్ట్రో మోటివ్ విభాగం. ఆ విభాగపు 710 శ్రేణి ఇంజన్‌తో డబ్ల్యూడీజీ-4 రకం సరకు బండ్లు 1999లో భారత్‌కు చేరాయి. తరువాత వీటి తయారీ కూడా వారణాసిలో మొదలయింది.

ఈ సంస్థ పేర్లు పెట్టిన తీరు కారు సంస్థల తీరుకు భిన్నం. 710 అనేది ఇంజన్ మొత్తం సామర్థ్యం కాదు, ఒక్క సిలిండర్ ఘనపరిమాణం, ఘనపు అంగుళాలలో. 1938లో వచ్చిన 567 శ్రేణికి, ఆ తరువాత 1960లలో వచ్చిన 645 శ్రేణికి ఇదే పద్ధతిలో పేర్లు పెట్టారు. 567 నుంచి 645కు మారినప్పుడు బోర్ పెరిగింది గాని స్ట్రోక్ 10 అంగుళాలుగానే ఉంది. అందుచేత 567 శ్రేణిలోని తరువాతి రకాల దిమ్మల్లో 645 సిలిండర్ భాగాలను బిగించి శక్తిని పెంచుకోవడం అమెరికా రైల్వేలలో మామూలు పని అయింది. 645 నుంచి 710కి వచ్చేసరికి స్ట్రోక్ 11 అంగుళాలయింది. ఒకే దిమ్మలో వేర్వేరు ఘనపరిమాణాలు ఇమడగలవని చెప్పే మరో ఉదాహరణ ఇది.

ఈ రెండు కుటుంబాల రైలు ఇంజన్ల దిమ్మలు కారు ఇంజన్ల దిమ్మల వలె పోత పోసినవి కావు. ఉక్కు పలకలను వెల్డింగ్‌తో అతికి నిర్మించిన చట్రాలు. సిలిండర్ గొట్టాలను విడిగా అందులో అమరుస్తారు. ఒక సిలిండర్ పాడైతే దానిని మాత్రమే తీసి మరొకటి బిగించవచ్చు.

పరిమాణంలో కొంచెం, శక్తిలో ఎంతో

ఆల్కో 251 బోర్ 9 అంగుళాలు, స్ట్రోక్ 10.5 అంగుళాలు. ఒక్కో సిలిండర్ 668 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 10.95 లీటర్లు. మారుతి 800 ఇంజన్లు దాదాపు పద్నాలుగు కలిపితే ఆల్కో ఒక్క సిలిండర్‌కు సమానం. పదహారు సిలిండర్లకు మొత్తం సుమారు 175 లీటర్లు. ఈఎండీ 710లో ఒక్కో సిలిండర్ సుమారు 11.6 లీటర్లు, పదహారింటికి మొత్తం 186 లీటర్లు. రెండింటిలోనూ సిలిండర్లు ‘వి’ ఆకారంలోనే ఉంటాయి. ఘనపరిమాణంలో తేడా ఆరు శాతం మాత్రమే.

శక్తిలో తేడా అంత చిన్నది కాదు. డబ్ల్యూడీఎం-2లో ఆల్కో ఇంజన్ శక్తి 2,600 హార్స్‌పవర్. డబ్ల్యూడీజీ-4లో ఈఎండీ ఇంజన్ శక్తి 4,000 హార్స్‌పవర్. ఆరు శాతం అదనపు ఘనపరిమాణంతో యాభై శాతానికి పైగా అదనపు శక్తి వచ్చింది. కారణం దిమ్మలో లేదు, ఇంజన్ గాలిని పీల్చి మండించే తీరులో ఉంది.

ఆల్కోది నాలుగు స్ట్రోకుల పద్ధతి. గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వెలుపలికి నెట్టడం అనే నాలుగు పనులకు క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. అంటే ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది. నిమిషానికి 1000 చుట్ల వేగంలో పదహారు సిలిండర్లలో కలిపి 8,000 సార్లు ఇంధనం మండుతుంది.

ఈఎండీది రెండు స్ట్రోకుల పద్ధతి. ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండర్ మండుతుంది. సిలిండర్ దిగువన ఉన్న రంధ్రాల గుండా ఒత్తిడితో గాలి ప్రవేశించి, పైనున్న నాలుగు కవాటాల గుండా పొగను వెలుపలికి తరిమివేస్తుంది. నిమిషానికి సుమారు 900 చుట్లు మాత్రమే తిరిగినా దాదాపు 14,400 సార్లు ఇంధనం మండుతుంది.

టర్బోచార్జర్ నడిచే తీరులోనూ తేడా ఉంది. ఆల్కోలో టర్బోచార్జర్‌ను తిప్పేది పొగ వేగం మాత్రమే. డ్రైవర్ ఒక్కసారిగా శక్తి పెంచితే ఇంధనం వెంటనే చేరుతుంది గాని అందుకు తగినంత గాలి అందడానికి కొంత సమయం పడుతుంది. పాత డీజిల్ బండ్లు బయలుదేరేటప్పుడు నల్లని పొగ కక్కడానికి ప్రధాన కారణం ఇదే. ఈఎండీలో తక్కువ శక్తి దగ్గర టర్బోచార్జర్‌ను ఇంజనే గేర్ల ద్వారా తిప్పుతుంది. పొగ వేగం చాలినంత పెరిగిన తరువాత గేర్ల సాయం దానంతట అదే తప్పుకుంటుంది.

దిమ్మను గాని, సామర్థ్యాన్ని గాని మార్చకుండానే శక్తి పెంచవచ్చునని ఆల్కో కూడా నిరూపించింది. అవే పదహారు సిలిండర్లు, అదే 175 లీటర్ల సామర్థ్యం ఉండగా మెరుగైన టర్బోచార్జర్, ఇంధన వ్యవస్థల సాయంతో శక్తి 2,600 నుంచి డబ్ల్యూడీఎం-3ఏలో 3,100కు, డబ్ల్యూడీఎం-3డీలో 3,300 హార్స్‌పవర్‌కు పెరిగింది.

బిహార్‌లోని మఢౌరాలో తయారయ్యే డబ్ల్యూడీజీ-4జీ మరో దారి చూపుతుంది. ఇందులో సిలిండర్లు పన్నెండే. కాని ఒక్కొక్కటి సుమారు 15.7 లీటర్లు. మొత్తం 188 లీటర్లతో, నాలుగు స్ట్రోకుల పద్ధతిలోనే 4,500 హార్స్‌పవర్ ఇస్తుంది. సిలిండర్ల సంఖ్య తగ్గితే శక్తి తగ్గుతుందనే అభిప్రాయం కూడా సరికాదని దీనితో తెలుస్తుంది.

శక్తి ఉంటే చాలదు

కోర్బా ప్రాంతపు గనుల నుంచి బొగ్గును తరలించే బరువైన రైళ్లు బిలాస్‌పూర్ మండలానికి నిత్యకృత్యం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఈ ఊరిలోనే. ఇటువంటి రైలును నిలిచిన చోటు నుంచి కదిలించడానికి ఇంజన్ హార్స్‌పవర్ ఒక్కటే సరిపోదు. చక్రం పట్టా మీద జారకుండా ఎంత బలంగా లాగగలదన్నది ముఖ్యం.

ఆల్కో ఇంజన్ గల డబ్ల్యూడీజీ-3ఏ సరకు బండి బరువు 123 టన్నులు, ఈఎండీ ఇంజన్ గల డబ్ల్యూడీజీ-4 బరువు 126 టన్నులు. బరువులో తేడా మూడు టన్నులే. బయలుదేరేటప్పుడు లాగే బలం మాత్రం మొదటిదానికి దాదాపు 38 టన్నులు, రెండవదానికి 53 టన్నులకు పైమాట. ఈ తేడాకు ప్రధాన కారణం డీజిల్ ఇంజన్ కాదు. చక్రాలను తిప్పే ఏసీ మోటార్లు, చక్రాలు జారడాన్ని కనిపెట్టి అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ. కారులో గేర్‌బాక్స్, చక్రాల పట్టు ఎటువంటివో రైలుకు ఇవి అటువంటివి.

షెడ్డులో ఈ విభజన ప్రభావం

రెండు కుటుంబాల ఇంజన్లు ఉన్న షెడ్డులో విడిభాగాలు రెండు రకాలు ఉండాలి, పనిముట్లు వేరుగా ఉండాలి, శిక్షణ కూడా వేరుగా ఇవ్వాలి. ఆల్కో పిస్టన్ ఈఎండీలో ఇమడదు. ఆల్కో మీద చేయి తిరిగిన కార్మికుడు, శబ్దం విని లోపాన్ని పసిగట్టగలిగినవాడు, రెండు స్ట్రోకుల ఇంజన్ ముందు చాలా సంగతులు మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. సిలిండర్ తలలో గాలి లోపలికి వచ్చే కవాటాలే లేని ఇంజన్‌ను అర్థం చేసుకోవడానికి పాత అలవాట్లు కొన్ని అడ్డుపడతాయి.

విద్యుదీకరణతో ఇప్పుడు రెండు కుటుంబాలూ వెనుకకు తగ్గుతున్నాయి. హౌరా–ముంబయి ప్రధాన మార్గంలో ఉన్న బిలాస్‌పూర్ మీదుగా రైళ్లను లాగేవి ఎక్కువగా విద్యుత్ ఇంజన్లే. వారణాసి కర్మాగారం రెండు డబ్ల్యూడీజీ-3ఏ డీజిల్ బండ్లను 10,000 హార్స్‌పవర్ జంట విద్యుత్ ఇంజన్‌గా మార్చగా, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2019 ఫిబ్రవరి 19న దానికి జెండా ఊపారు. మరుసటి సంవత్సరం ఆ కర్మాగారం పేరులోని ‘డీజిల్’ అనే మాట తొలగి, అది బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. షెడ్డుల్లో రెండు తరాలు కూడబెట్టిన డీజిల్ పరిజ్ఞానం రాతలోకి రాకపోతే, పనిచేసినవారి పదవీ విరమణతోనే కనుమరుగవుతుంది.

కారు కొనేవారు గమనించవలసినవి

భారతదేశంలో కారు చిన్నదా, పెద్దదా అని ప్రభుత్వం నిర్ణయించేది దిమ్మను చూసి కాదు, సీసీని, కారు పొడవును చూసి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పుల ప్రకారం పెట్రోలు ఇంజన్ 1200 సీసీని, డీజిల్ ఇంజన్ 1500 సీసీని, కారు పొడవు 4000 మిల్లీమీటర్లను మించకపోతే పన్ను 18 శాతం. ఈ పరిమితులలో ఏది దాటినా పెట్రోలు, డీజిల్ కార్లపై పన్ను 40 శాతం. తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా రుసుమును కూడా 1000 సీసీ, 1500 సీసీ హద్దుల ఆధారంగానే నిర్ణయిస్తారు.

మార్కెట్లో 1197, 1199 సీసీ ఇంజన్లు విరివిగా కనిపించడానికి కారణం ఈ హద్దులే. అయితే పన్ను లెక్కలో సమానమైనవన్నీ ఇంజన్లుగా సమానం కావు. మారుతి స్విఫ్ట్ కారులో 2024కు ముందు ఉన్నది 1197 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో ఉన్నదీ 1197 సీసీయే, కాని సిలిండర్లు మూడు. సీసీ మారలేదు, దిమ్మ పూర్తిగా మారింది. టాటా నెక్సాన్ పెట్రోలు ఇంజన్ 1199 సీసీ. టర్బోచార్జర్ ఉండటం వల్ల దాని శక్తి ఈ రెండు స్విఫ్ట్ ఇంజన్ల కంటే చాలా ఎక్కువ. షెవ్రొలే 396, 400ల మధ్య, ఆల్కో, ఈఎండీల మధ్య కనిపించిన భేదమే ఇక్కడ చిన్న కొలతల్లో కనిపిస్తుంది.

అందువల్ల ఏ ఇంజన్‌నైనా అంచనా వేసేటప్పుడు నాలుగు విషయాలను విడివిడిగా తెలుసుకోవడం మేలు. మొదటిది దిమ్మ పరిమాణం, బరువు. యంత్రం ఎంత చోటు పట్టుకుంటుందో, మున్ముందు మార్పులకు ఎంత వీలు ఇస్తుందో ఇది చెబుతుంది. రెండవది సీసీ. ఎంత పన్ను, ఎంత బీమా కట్టాలో దీనిని బట్టి తేలుతుంది. మూడవది గాలి అందించే పద్ధతి. అదే సీసీ నుంచి ఎంత శక్తి వస్తుందో దీనిపై ఆధారపడి ఉంటుంది. నాలుగవది టార్క్, అంటే తిప్పే బలం, అది నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర అందుతుందనే వివరం. నిండు కుటుంబంతో, సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అవసరమయ్యేది ఇదే.

స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ అనే పేర్లు ఈ నాలుగింటిలో మొదటిదానికి మాత్రమే జవాబు ఇస్తాయి. మిగిలిన మూడింటిని కొనుగోలుదారు విడిగా అడిగి తెలుసుకోవలసిందే.